కొయ్య గరిటెను నానబెట్టకండి

అనుమసముద్రంపేట దర్గాకు వెళ్లినప్పుడు అటునుంచటే ఉదయగిరి దాకా వెళ్తే కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులు తెచ్చుకోవచ్చు. బిక్కి, పాలబరిక వంటి అడవి కర్రతో చేసే ఈ సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంత ఓపిగ్గా చెక్కి, నునుపు చేసిన గరిటెను మనం సాంబారు గిన్నెతో పాటు రాత్రంతా సింకులో పడేస్తాం! తడికి కర్ర ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మాటిమాటికీ ఇలా జరిగితే చీలడం ఖాయం. పొగాకు పైపు తాగేవాళ్లు కూడా తమ బ్రయర్ కర్ర పైపును నీళ్లలో నానబెట్టరు, ఇందుకే.

వంటవగానే గోరువెచ్చని నీళ్లతో, కాస్త సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎర్రటెండ పనికిరాదు. డిష్‌వాషర్‌లో అసలే వేయకండి. చేపల పులుసు వాసన పట్టుకుంటే ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దండి, చాలావరకు పోతుంది. పసుపు మరక మాత్రం మొండిది. రుచికేం నష్టం లేదు కాబట్టి వదిలేయడమే మేలు. గరుకు తేలితే సన్నని శాండ్‌పేపర్‌తో రుద్ది, రెండు చుక్కల కొబ్బరినూనె పట్టించి, మిగిలింది తుడిచేయాలి. ఎక్కువైతే జిడ్డు కట్టి కనరు వాసన వేస్తుంది. నల్లబూజు లోపలికి దిగినా, చీలినా వంటకు వద్దు. పూలకుండీల్లో మట్టి గుల్ల చేయడానికి పనికొస్తుంది.