భిలాయ్ కొలిమి, ఢిల్లీ మౌనం

ఇటీవల పనిమీద భిలాయ్ వెళ్ళాను. కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న శ్రీకాకుళం పెద్దాయన ఒకరు, "అమెరికావాడు చమురు కోసం యుద్ధానికి దిగుతాడు బాబూ, రష్యావాడు మనకు ఉక్కు కర్మాగారం ఇచ్చాడు" అన్నారు.

ఇందులో సగం నిజమున్నది. ఇరాన్ 1951లో చమురును జాతీయం చేసింది. 1953లో బ్రిటిష్, అమెరికన్ గూఢచారి సంస్థలు మొసాదేక్‌ను కూలదోయించాయి. మరుసటి ఏటి ఒప్పందంలో అమెరికన్ కంపెనీలకు 40 శాతం వాటా దక్కింది. 1956లో సూయజ్ కాలువ జాతీయమైనప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్‌లు ఏకంగా సేనలనే దింపాయి. ఢిల్లీ గట్టిగా ఖండించింది.

అదే నవంబరులో సోవియట్ టాంకులు బుడాపెస్టును అణచివేసినప్పుడు మాత్రం మన స్వరం తగ్గింది. హంగరీలో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరపాలన్న తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేశాము. 1968లో చెకొస్లొవేకియా, 1980 జనవరిలో ఆఫ్ఘనిస్థాన్, 2022 మార్చిలో ఉక్రెయిన్ — మూడింటిలోనూ తటస్థులమే.

కాశ్మీర్‌పై వీటో, ఆయుధాలు ఇందుకు కారణాలని సౌత్ బ్లాక్ పరిచయస్థులు చెబుతారు. కాదనను. కాని భిలాయ్‌ని మరువరాదు. 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ప్రకారం 10 లక్షల టన్నుల కర్మాగారానికి రుణం రెండున్నర శాతం వడ్డీకి వచ్చింది. 12 వార్షిక వాయిదాలు, చెల్లింపు రూపాయలలో. విదేశమారకం కటకటలాడుతున్న దేశానికి ఇది చిన్న మేలు కాదు. బొకారోను ప్రభుత్వరంగంలో కట్టడానికి అమెరికన్ కాంగ్రెసు అడ్డుపడగా, 1963లో నెహ్రూ తన అభ్యర్థనను ఉపసంహరించుకున్నారు. ఆ భారాన్నీ మాస్కోయే తలకెత్తుకున్నది.

అయితే, ఇచ్చే చేయి తీసుకోదని కాదు. ఆఫ్ఘన్ సహజవాయువు 1967 నుంచే గొట్టాల ద్వారా సోవియట్ యూనియన్‌కు పోయేది. అప్పుల కింద జమ అయ్యేది. వాయువు కోసమే సేనలు వెళ్ళాయనడం అతిశయోక్తి. ఆ యుద్ధానికైన ఖర్చు ముందు దాని విలువ ఎంత? అయినా సేనలున్నంత కాలం గొట్టాలు ప్రవహిస్తూనే వున్నాయి.

జోక్యం చేసుకున్నవాని లాభాన్ని మనం చక్కగా వెదుకుతాము. చూస్తూ వూరకున్నవాని లాభాన్ని వెదకము. 2022 మార్చిలో ఓటు వేసేనాటికి చౌక రష్యా చమురు ఇంకా రాలేదు గనుక, ఆ తొలి మౌనాన్ని చమురుకు అంటగట్టలేను. ఆ తరువాతి ఓట్ల నాటికి ట్యాంకర్లు మన రేవులకు వరుస కట్టాయి. అంతకుముందు నామమాత్రంగా వున్న రష్యా మరుసటి ఏటికే మనకు చమురు అమ్మేవారిలో ప్రథమస్థానానికి వచ్చింది. ఆ తగ్గింపు ధరలో ఎంత ఖజానాకు, ఎంత ప్రైవేటు శుద్ధి కర్మాగారాలకు, ఎంత పెట్రోలు కొనే సామాన్యునికి చేరిందో ప్రభుత్వం సభ ముందు పెట్టాలి. అటుపిమ్మట అలీన విధానం గురించి ఎంతసేపైనా చర్చించవచ్చు.