సముద్రపు పుంతకు తాళమా?

మా ఊరి పెద్ద రోడ్డు నుంచి సముద్రానికి ఒక పుంత ఉంది. ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లు తప్పుకునేంత వెడల్పు. అటూ ఇటూ తాడిచెట్లు. తెల్లవారుజామున చేపల తట్టలతో ఆడవాళ్లు ఆ దారినే ఊళ్లోకి వస్తారు. సరుగుడు నరికే రోజుల్లో కర్ర ట్రాక్టర్లు ఆ దారినే బయటికి వెళ్తాయి. కార్తీక పౌర్ణమికి ఊరు ఊరంతా ఆ దారినే స్నానానికి పోతుంది. పోయినవాళ్ల అస్థికలు కలపడానికీ అదే దారి. ఈ పుంత ఎవరు వేశారని మా తాతలను అడిగితే వాళ్లకూ తెలియదు.

పద్నాలుగు నెలల కింద దానికి గేటు పడింది. పుంతకు రెండు పక్కలా ఉన్న తోటలను ఒక రిసార్టు కొన్నది. కొన్నది తోటలనే, కానీ మధ్యలో ఉన్న పుంతను కూడా కలుపుకున్నది. గేటు దగ్గర వాచ్‌మన్ "రూము బుకింగు ఉందా?" అని అడుగుతున్నాడు. మేము పుట్టిన ఊళ్లో, మా సముద్రానికి పోవడానికి, రూము బుకింగు!

మొన్నటి సరుగుడు కోతకు గేటు తీయలేదు. ఆరు కిలోమీటర్లు చుట్టుతిరిగి, ఇసుకలో దిగబడుతూ కర్ర తోలుకున్నాం. దారి బాగాలేదని వ్యాపారి టన్నుకు మూడు వందలు కోసుకున్నాడు. తట్ట మోసే ఆడవాళ్లకు చుట్టుతిరుగుడంటే, సంతకు చేరేసరికి ఎండెక్కి సగం ధర పోవడమే. దారి పోయిందంటే నడక ఒక్కటే పోయిందని అనుకోకండి, పంట ధరా కూలీ కూడా పోయాయి. అందుకే ఇది రైతు సంఘం మాట్లాడాల్సిన విషయం. "బీచి గొడవ మనకెందుకు, అది మత్స్యకారుల సంగతి" అనే మన సభ్యులకు ముందుగా ఈ మాట చెబుతున్నాం.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. మన రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని చదువుకున్నాం, కొత్త కొలతల్లో వెయ్యి దాటింది. ఇంత తీరం ఉండి, ఊరి మనిషి స్వేచ్ఛగా నీళ్ల దాకా నడిచే దారులు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. ఒకచోట రిసార్టు గేటు, ఒకచోట రొయ్యల చెరువు గట్టు, ఇంకోచోట కంపెనీ ప్రహరీ. పేర్లు వేరైనా పని ఒకటే.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం నేటికీ అమల్లో ఉంది. రోడ్లు, బాటలు, పోటు నీటి గీతకు దిగువనున్న సముద్ర గర్భం, నదులు, వాగులు ప్రభుత్వ ఆస్తి అని అది చెప్పింది. అక్కడితో ఆగలేదు. ఆ ఆస్తి కూడా ప్రజల దారి హక్కులకు లోబడే ఉంటుందని అదే సెక్షనులో రాసింది. అంటే తెల్లదొర కాలంలో కూడా సర్కారు "ఇది నాది, మీరు నడవకండి" అనలేదు. సర్కారే అనలేని మాట, నిన్న వచ్చిన రిసార్టు ఎలా అంటుంది?

1991లో తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, అంటే సీఆర్‌జడ్, వచ్చింది. పక్కపక్కన రెండు హోటళ్లు, రిసార్టులు ఉంటే, ప్రజలు తీరానికి పోవడానికి వాటి మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలని అందులో ఉంది. 20 మీటర్లంటే 65 అడుగులు. 2011లో, 2019లో నోటిఫికేషన్లు మార్చి పెట్టుబడిదారులకు ఎన్నో సడలింపులు ఇచ్చారు, కానీ ఈ నియమం మాత్రం నిలిచే ఉంది. కంచె వేసుకున్నా అది తీరానికి పోయే ప్రజలకు అడ్డు రాకూడదనీ ఉంది. మా దగ్గర 65 అడుగులు కాదు, ఆరడుగులు కూడా వదలలేదు.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రెండు రోజుల తేడాతో రెండు తీర్పులు ఇచ్చింది. 11న తీరంలో రొయ్యల చెరువుల మీద జగన్నాథ్ కేసు. 13న కమల్‌నాథ్ కేసు. సముద్ర తీరం, పారే నీరు, గాలి, అడవి వంటివి ప్రజలందరివీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని ఈ రెండో తీర్పు సారం. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ధర్మకర్త గుడి తలుపు తెరిచి ఉంచాలి. మన ధర్మకర్తలు తాళంచెవిని రిసార్టు చేతిలో పెట్టారు. కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

రిసార్టు మనుషుల వాదనలు కూడా విన్నాం. "మేము కొనుక్కున్న భూమి" అంటారు. వాళ్ల దస్తావేజు నకలు మేము రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తెచ్చాం. అందులో ఒక తోటకు పడమటి హద్దు "సముద్రపు పుంత" అని రాసి ఉంది. రెండో తోటకు తూర్పు హద్దూ అదే పుంత. వాళ్ల కాగితమే పుంత వాళ్లది కాదని చెబుతోంది. అమ్మిన రైతు తన చేను అమ్మగలడు గానీ ఊరి దారిని అమ్మలేడు.

"జనం మునిగి చస్తున్నారు, భద్రత కోసం గేటు" అంటారు. ప్రాణాల సంగతి మాకూ పట్టినదే. మునిగేవాళ్లను కాపాడాలంటే గజ ఈతగాళ్లను పెట్టండి, ప్రమాదమున్న చోట జెండాలు పాతండి. రూము తీసుకున్నవాడిని సముద్రం ముంచదా? "ఉద్యోగాలు వస్తాయి" అంటారు. వచ్చినవి గదులు ఊడ్చే పనులు, తోట పనులు కొన్ని. వాటిని తక్కువ చేయం. కానీ దారి మూస్తేనే ఉద్యోగం ఇస్తామనడం ఏ న్యాయం? పర్యాటకులు రావద్దని మేమెప్పుడూ అనలేదు. వచ్చినవాళ్లు కొబ్బరిబోండం కొంటే, జీడిపప్పు కొంటే, మాకే లాభం. వాళ్లు రావడానికి మమ్మల్ని వెళ్లగొట్టాల్సిన పని లేదు.

గేటు కన్నా మెత్తటి పద్ధతి ఇంకొకటి ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోవడం లేదు. దారి తెరిచే ఉంచుతారు, బండి పెట్టే చోటు లేకుండా చేస్తారు. వెనకటికి తీరం దగ్గర పోరంబోకులో తాడిచెట్ల కింద బండ్లు విప్పేవాళ్లం. ఆ జాగాలో ఇప్పుడు ఆశీలు పాటదారు తాడు కట్టి రసీదు పుస్తకంతో నిలబడ్డాడు. ఆటోకు ఇంత, ట్రాక్టరుకు ఇంత. చేపలకు వచ్చిన ఆటో రోజూ కట్టాలి, స్నానానికి వచ్చిన కూలీ కుటుంబం కట్టాలి. కట్టలేకపోతే కిలోమీటరు దాకా "వాహనాలు నిలపరాదు" బోర్డులే. ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు ఎండలో ఎంత దూరం నడుస్తారు? బండి నిలిపే చోటు లేని దారి సగం దారే. 2023 జూలైలో విశాఖ రుషికొండ తీరంలో ప్రవేశానికి మనిషికి 20 రూపాయలు పెట్టబోయారు. జనం గట్టిగా అడిగేసరికి వెనక్కి తగ్గారు. అడిగితే తగ్గుతారు, అడగకపోతే 20 రేపు 50 అవుతుంది.

ఇప్పుడు మన గురించి కూడా ఒక మాట. తిలా పాపం తలా పిడికెడు. పుంతల పక్కన పొలాలున్న మనం ఏటా గట్టు ఒక అడుగు జరిపాం. డొంకను కలుపుకుని చెరువు తవ్వినవాళ్లు మనలోనే ఉన్నారు. రిసార్టు ఒక్కరోజులో చేసిన పనిని మనం ముప్పై ఏళ్లుగా పారతో చేశాం. మన గట్లు వెనక్కి జరపకుండా వాళ్ల గేటు తీయమంటే అధికారి నవ్వుతాడు. అందుకే గత నెల మా గ్రామ సంఘం సమావేశంలో పుంతలోకి వచ్చిన మా సభ్యుల గట్లు ముందు తీయాలని తీర్మానించాం. నలుగురు తీశారు. ఇంకో ఇద్దరితో మాట్లాడుతున్నాం.

తీర గ్రామాల సంఘాలు వెంటనే చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి. మీ ఊరి పాత విలేజి మ్యాపు, ఎఫ్ఎంబీ, ఆర్ఎస్ఆర్ నకళ్లు తీసుకోండి. పుంతకు, డొంకకు సర్వే నంబరు ఉందో చూసుకోండి. రీసర్వే జరిగిన ఊళ్లలో కొత్త పటంలో ఆ పుంత అదే వెడల్పుతో ఉందో లేదో సరిపోల్చండి. కొత్త పటంలో సన్నబడిన దారి రేపు నేల మీద మాయమవుతుంది.

రెండు. దారికి అడ్డం పెడితే ఆర్డీవోకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ప్రజల దారిలో అడ్డంకి తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఆయనకు ఉంది. వెనక సీఆర్‌పీసీలో ఇది 133. ఫిర్యాదుకు రసీదు తప్పక తీసుకోండి.

మూడు. వేరొకరి చేను మీదుగా మీ పొలానికి దారి ఉంటే, 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం 20 ఏళ్లు ఆటంకం లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన దారి మీ హక్కు అవుతుంది. ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. కానీ అడ్డు పడ్డాక రెండేళ్లు ఊరుకుంటే ఆ లెక్క చెడిపోతుంది. మాలో కొందరి తోటలకు ఇలాంటి దారులే గేటు లోపల చిక్కాయి. పద్నాలుగు నెలలు పోయాయి, పది నెలలే మిగిలాయి. ఆలస్యం చేయకండి.

నాలుగు. తీరప్రాంత ప్రణాళిక పటాల మీద ప్రజాభిప్రాయ సేకరణకు పిలిస్తే తప్పక వెళ్లండి. చేపలు ఎండబెట్టే చోట్లు, పడవలు లాగే చోట్లు, అక్కడికి పోయే దారులు పటంలో గుర్తించమని రాసివ్వండి. మత్స్యకార సోదరులతో కలిసి ఒకే అర్జీ ఇవ్వండి.

ప్రభుత్వాన్ని మేము అడుగుతున్నవి నాలుగే. తీరానికి పోయే ప్రతి పుంతనూ కొలిచి రాళ్లు పాతాలి. వాటి జాబితా ప్రతి పంచాయతీ గోడ మీద రాయించాలి. రెండు రిసార్టుల మధ్య 20 మీటర్ల దారి వదలనివారి అనుమతులు రద్దు చేయాలి. దారి చివర బండ్లు పెట్టుకునే ఉమ్మడి జాగా ఉంచాలి, అక్కడ స్థానిక రైతుల, మత్స్యకారుల వాహనాలకు ఆశీలు ఉండకూడదు.

వచ్చే సోమవారం కలెక్టరేటులో అర్జీల రోజున మేము దస్తావేజు నకలు, పాత పటం పట్టుకుని వెళ్తున్నాం. చేపల తట్టల ఆడవాళ్లు మాతో వస్తామన్నారు. చుట్టుపక్కల తీర గ్రామాల రైతులు కూడా రావాలి. వచ్చే కార్తీక పౌర్ణమికి మా పిల్లలు వాచ్‌మన్‌ను బతిమాలుకుని స్నానానికి పోకూడదు. ఆ పుంతలో నడిచే పోవాలి.