సర్కారు బాకీకి మన పిల్లల సర్టిఫికెట్లు తాకట్టా?

ఈసారి వడ్ల ధర గురించో, యూరియా గురించో కాదు. మన పిల్లల ఫీజుల గురించి రాస్తున్న. కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

మా బిడ్డ ఇంజినీరింగ్ అయిపోయింది. ఉద్యోగం వచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపెట్టాలన్నరు. కాలేజీకి పోతే కౌంటర్ల కూసున్నాయన కంప్యూటర్ చూసి, "రెండేండ్ల రీయింబర్స్‌మెంట్ రాలే. 70 వేలు కట్టి తీస్కపోండి. సర్కారు ఇచ్చినంక మీకు వాపస్ ఇస్తం" అన్నడు. మా వంతు ఫీజు ఒక్క రూపాయి బాకీ లేదు, రసీదులు చేతిలోనే ఉన్నయి. అయినా ఏం లాభం? వడ్లు ఇంకా కల్లంలనే ఉన్నయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన. నెలకు 1,400, ఏడాదికి 16,800. బాకీ సర్కారుది, వడ్డీ నాది.

ఇది నా ఒక్కడి గోస అయితే ఇక్కడ రాసేవాణ్ని కాదు. మీ ఊళ్లో అడిగి చూడండి, వాడకొక్కరు ఉంటారు.

ఈ పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2008-09లో మొదలైంది. పేదోడి పిల్లలు ఫీజు భయంతో చదువు ఆపొద్దనేది దాని మాట. మాట మంచిదే. మన ఊర్ల నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి తరం చాలావరకు దీనివల్లనే చదివింది. కాదనను. కానీ ఇప్పుడు ఎట్ల నడుస్తున్నది? పిల్లలు ఈ-పాస్‌లో దరఖాస్తు పెడతారు, ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరుగుతారు, వేలిముద్ర వేస్తారు. అన్నీ అయినంక బిల్లుకు టోకెన్ పడుతది, పైసలు పడవు. ఒక ఏడు బకాయి ఇంకో ఏడు మీదికి పేరుకుంటది. ఇది ఇప్పటి సర్కారు ఒక్కదాని పాపం కాదు, వెనకటి సర్కారు కాలం నుంచి వస్తున్నదే. అందుకే పార్టీ జెండాలు పక్కన పెట్టి చదవండి.

ఇంకో మెలిక ఉంది. ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకు పదివేలు దాటిన బీసీ, ఈబీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో సర్కారు ఇచ్చేది 35 వేలే. కాలేజీల ఫీజులు మూడేండ్లకోసారి మళ్లీ ఖరారు చేస్తారు, లక్ష దాటినవి ఎన్నో ఉన్నయి. ఈ 35 వేలు మాత్రం పదేండ్లు దాటినా 35 వేలే. డీఏపీ ధర అప్పటిదే ఉందా? కూలి రేటు అప్పటిదే ఉందా? ఆ మిగిలిన ఫీజు ఎక్కడిదనుకుంటున్నరు? మన గుంటలు అమ్మిందే.

కాలేజీ వాళ్లను అడిగితే, "మాకు రాకపోతే లెక్చరర్లకు జీతాలు ఎక్కడినుంచి ఇయ్యాలె" అంటరు. అదీ నిజమే. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. కొంత విడుదల చేస్తామని సర్కారు చెప్పినంక బంద్ ఆగింది. కాలేజీలకు సంఘం ఉంది, తలుపులు మూసి అడిగినయి. మనకేముంది? సర్కారు మీద కోపం పిల్లల మీద తీస్తే ఎట్ల? చేరేటప్పుడు ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగియ్యాలె, దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా బీరువాలో పెట్టి తాళం వేస్తున్నరు.

పట్నంలో కొందరు దీన్ని "ఉచితాలు" అంటరు. ఒక్క మాట అడుగుత. పంట రుణం గడువు దాటితే బ్యాంకు మనకు వడ్డీ రాయితీ ఇస్తదా? ఒక్క రోజు ఆలస్యమైనా లెక్క కడతది. మరి సర్కారు రెండేండ్లు ఆలస్యం చేస్తే ఆ వడ్డీ ఎవరు కట్టాలె? ఉచితమైతే నేను నెలకు 1,400 ఎందుకు కడుతున్న?

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకుందాం. రైతు భరోసా ఎకరానికి ఆరువేలు పడకపోతే వారం తిరగకముందే నాయకుణ్ని నిలదీస్తం. బిడ్డ ఫీజు 35 వేలు రెండేండ్లు రాకపోతే మాత్రం నోరు మెదపం. "అది కాలేజీకి రావాల్సిన పైసలు కదా" అనుకుంటం. కాదన్నా. అది నీ బిడ్డ పేరు మీద మంజూరైన పైసలు. ఆగితే నలిగేది నువ్వే.

మనం అడగాల్సినవి నాలుగే. ఫీజు ఏ నెలలో విడుదల చేస్తరో తేదీతో జీవో ఇయ్యాలె. రీయింబర్స్‌మెంట్ బాకీ పేరుతో ఏ కాలేజీ సర్టిఫికెట్లు ఆపొద్దు, ఆపితే చర్య తీసుకోవాలె. మనతో ముందే కట్టించుకున్న పైసలు సర్కారు ఇచ్చిన నెలలోనే మన ఖాతాలో వెయ్యాలె. 35 వేల పరిమితి ఇప్పటి ఫీజులను చూసి పెంచాలె.

ఈ లోపల మీరు చెయ్యాల్సింది: కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి, "రీయింబర్స్‌మెంట్ వస్తే తిరిగి ఇవ్వాల్సినది" అని దాని మీద రాయించుకోండి. ఈ-పాస్‌లో బిడ్డ దరఖాస్తు ఏ దశలో ఉందో చూసి కాగితం తీసి పెట్టుకోండి. ఊళ్లో ఎంతమందికి ఆగిందో జాబితా రాసి గ్రామసభలో, కలెక్టరేట్ ప్రజావాణిలో ఇయ్యండి. ఒక్కడు పోతే అర్జీ, యాభైమంది పోతే లెక్క.

భూమి కాగితం తాకట్టు పెట్టినోడికి అప్పు తీసుకున్న సుఖమైనా ఉంటది. మన పిల్లలు ఏ అప్పూ తీసుకోలే, వాళ్ల కాగితం ఎందుకు తాకట్టులో ఉండాలె?

మీ ఊళ్లో ఎవరి సర్టిఫికెట్లు ఆగినయో, ఎంత బాకీకో కింద రాయండి. అందరి లెక్క కలిపి ప్రజావాణికి పోదాం.