తెల్లబూట్ల సోకు

జితేంద్ర అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి తెల్లబూట్లే! మన కృష్ణగారి ‘ఊరుకి మొనగాడు’ను 1983లో రాఘవేంద్రరావుగారే హిందీలో ‘హిమ్మత్‌వాలా’గా తీస్తే, హీరో ఆయనే కదా!

హీరోగారి బూట్లు తుడవడానికి మనుషులుంటారు. మొదటి జీతంతో తెల్ల తోలు స్నీకర్లు కొనుక్కున్న తమ్ముడికి ఎవరున్నారు? అందుకే చెబుతున్నా, వినండి.

ముందు లేసులు ఊడదీసి సబ్బునీళ్ళలో నానెయ్యండి. బూట్ల మీది దుమ్ము పొడిబ్రష్షుతో దులపండి. దుమ్ముండగానే తడిగుడ్డ పెట్టారో, అది బురదై కుట్లలో దూరుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు షాంపూ కలిపి, మెత్తటి గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. రబ్బరు అంచులకి పాత టూత్‌బ్రష్షు చాలు. బ్లీచింగు జోలికి మాత్రం పోవద్దు. తెలుపు సంగతి దేవుడెరుగు, తోలు పసుపెక్కుతుంది! వాషింగ్ మెషీన్‌లో వేస్తే జిగురు వదిలి సోలు నోరు తెరుస్తుంది.

ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. నీడలో, ఫ్యానుగాలికి ఆరనివ్వండి. ఆకారం చెడకుండా లోపల తెల్లకాగితం కుక్కండి. మన పత్రిక కాగితాలు మాత్రం వద్దు బాబూ! సిరా అంటుకుంటుంది. పైగా, నలిగేది మీ అభిమాన తార బొమ్మే కావచ్చు!