మాయ కళ్లద్దములూ, మన అంచులూ

వర్చువల్ రియాలిటీ యను మాటను మనవారనేకులు ఈపాటికి వినియే యుందురు. కండ్లకు అడ్డముగా పెట్టె వంటి కళ్లద్దములు కట్టుకొన్నచో, ఎదుట లేని చోటు ఉన్నట్లే కనిపించును. ఇందులో మంత్రమేమియు లేదు. రెండు కండ్లకు కొద్దిపాటి భేదముతో రెండు బొమ్మలు చూపుదురు. మెదడు రెంటిని కలిపి లోతుగా గ్రహించును. తల త్రిప్పినచో యంత్రము దానిని కనిపెట్టి బొమ్మను కూడ త్రిప్పును. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ చూపిన పరికరము బరువెక్కువగుటచే, మన జకార్డు పెట్టె వలె, పైకప్పు నుండి వ్రేలాడదీయవలసి వచ్చినది. నేడది తలకు కట్టుకొను పాటిదైనది. వైమానికుల శిక్షణలోను, శస్త్రవైద్యుల శిక్షణలోను వాడుచున్నారు.

మనకు పనికివచ్చునా? వచ్చును. ఇంత ధర ఎందుకని అడుగువారికి చెప్పుటకు ఇంతవరకు మనకు మాటలే దిక్కు. పూనాలోని గిరాకీని సేలములో తెల్లపట్టు పంచె నేయు మగ్గము ప్రక్కన నిలబెట్టి, బూడిద వ్రేళ్లతో ఒక్కొక్క పోగును మెలిపెట్టి పడుగు అతుకుట చూపగలిగినచో, బేరము కొంత తగ్గును. ఇందుకు సంఘము డబ్బు ఖర్చు పెట్టినను తప్పులేదు.

చీరను మాత్రము అందులో చూపి ప్రయోజనము లేదు. పట్టు మెత్తదనము, జరీ బరువు వ్రేళ్లకు తెలియవలసినవి. ఆ అద్దములలో చేమగ్గపు చీరయు మరమగ్గపు చీరయు కవల పిల్లలే. మయసభలో దుర్యోధనుని అవస్థయే గిరాకీకిని పట్టును.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. నిరుడు ఒక వర్తక సంస్థవారు మా సంఘమునకు వచ్చి, పైసా ఖర్చు లేకుండ మా చీరలన్నిటిని ఫొటోలు తీసి తమ మాయా దుకాణములో పెట్టెదమనిరి. ఒప్పందము చివర చిన్న అక్షరములలో, తీసిన బొమ్మలన్నియు తమ సొత్తని వ్రాసియున్నది. పాలకవర్గములో ఇద్దరు "ఉచితమే గదా" అనిరి. ఉచితమెట్లగును? అంచు, బుటా, రంగుల కూర్పు అంతయు కంప్యూటరులో చేరిన పిమ్మట, దానిని మరమగ్గమునకు ఎక్కించుట ఎంతసేపు? మన మనిషి నెల దినములు కూర్చుండి గీసినది, మనము రెండవ చీర కోయక మునుపే బజారులో సగము ధరకు దొరకును. మేము సంతకము చేయలేదు.

2000 నాటి డిజైన్ల చట్టము ప్రకారము క్రొత్త డిజైనును నమోదు చేసికొన్నచో 10 సంవత్సరములు, పొడిగించుకొన్నచో మరి 5 సంవత్సరములు హక్కు ఉండును. అయితే దరఖాస్తుకు ముందే దానిని లోకమునకు చూపినచో, అది క్రొత్తది కాదని త్రోసివేయుదురు. అనగా మాయా దుకాణములో ముందు పెట్టి, తరువాత నమోదుకు పోయిన సంఘము రెంటికి చెడును. తాతలనాటి అంచులకు ఈ చట్టము అండగా నిలువదు. వానిని ఎవరికి బొమ్మ తీయనిచ్చుచున్నామో మరింత చూచుకొనవలెను. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టమున్నది గదా అందురేమో. అది ఊరి పేరుతో వచ్చు సరుకునకు రక్షయే గాని, నిన్న గీసిన అంచునకు కాదు.

ఇట్టి ఒప్పందములు ఇతర సంఘములకును వచ్చుచున్నవని వినుచున్నాను. వచ్చినవారు సంతకమునకు ముందు నకలు ఒకటి మన అసోసియేషను కార్యాలయమునకు పంపవలెనని మనవి. అందరి షరతులు ప్రక్కప్రక్కన పెట్టి, ఒక్కమాటగా జవాబు వ్రాయుదము.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి