చుక్కల జింకకు బొమ్మలు, గబ్బిలానికి రాళ్లా?



తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. పోటీ పరీక్షలకు చదివే మనందరికీ ఈ బిట్టు నోటికొచ్చు. మరి గబ్బిలం గురించి మనకు నేర్పిందేంటి? అపశకునం, రోగం, అంతే. 1972 వన్యప్రాణి చట్టం జింకను కాపాడింది. పళ్లు తినే గబ్బిలాలను మాత్రం కాకులు, ఎలుకలతో కలిపి చీడ జంతువుల లిస్టులో పెట్టింది. 2022 సవరణతో ఆ లిస్టు పోయింది గానీ, జనం బుర్రలో ఇంకా అట్లనే ఉంది.

ఒక్క ఇప్పచెట్టు దగ్గర ఈ రెండింటినీ చూడండి. రాత్రి పెద్ద గబ్బిలాలు కొమ్మలకు వేలాడి తియ్యటి పువ్వు తింటాయి. మూతికి, బొచ్చుకు అంటిన పుప్పొడి ఇంకో చెట్టుకు చేరుతుంది. అట్లనే కాయ కడుతుంది. పండు తిని గింజను దూరంగా పడేసేదీ అవే. తెల్లారేసరికి కింద రాలిన పువ్వుకు జింకలొస్తాయి, బుట్టలతో మన అమ్మలొస్తారు. జింక ఏమీ చెయ్యదని కాదు, ఉసిరికాయలు మింగి నెమరేసేటప్పుడు గింజలు వేరేచోట కక్కుతుంది. కానీ ఇప్పగింజ, ఇప్పనూనె మన ఇంటికి రావడంలో గబ్బిలానిదే పెద్ద చెయ్యి.

అది గుడ్డిదన్నది కూడా ఉత్త మాట. పురుగులు తినే చిన్న గబ్బిలాల్లాగా అరుపు ప్రతిధ్వనితో కాదు, పెద్ద గబ్బిలం కళ్లతో, వాసనతోనే దారి పడుతుంది. రెక్కలు చాపితే నాలుగడుగులు. ఈనేది ఏడాదికి ఒక్క పిల్లనే. అందుకే చంపుకుంటూ పోతే గుంపు మళ్లీ నిండడానికి ఏళ్లు పడుతుంది.

నిపా సంగతేంటని అడుగుతారు. నిజమే, 2018లో కోజికోడ్‌లో మనుషులు చనిపోయారు. ఆ వైరస్ ఈ గబ్బిలాల్లో ఉంటుంది. కాబట్టి అవి కొరికిన పండు తినొద్దు, పట్టుకోవద్దు. ఉబ్బసానికి మందని దాని మాంసం తినే అలవాటు మానాల్సిందే. ఈ మాట పెద్దోళ్లకు చెప్పడం కష్టమే, అయినా మనమే చెప్పాలి. అంతేగానీ పొగ పెట్టి, పటాకులు కాల్చి, చెట్టు నరికితే రోగం పోదు. బెదిరిన గుంపు ఇంకో ఊరి చెట్టు మీద వాలుతుంది.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ ఊళ్లో గబ్బిలాలు వేలాడే చెట్టు ఏదో, ఎన్నేళ్లుగా ఉంటున్నాయో తాతలను అడిగి ఇక్కడ రాయండి. వచ్చే ఇప్పపూల కాలం లోపు మన ఊళ్ల చెట్లన్నీ ఒక లిస్టు చేసి గ్రామసభలో పెడదాం.