వేసవి సెలవులు, వినోద పార్కు, ఇంటి బడ్జెట్టు

పరీక్షలు ముగియడమే తడవు మన ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది. "అబ్బా, ఈసారైనా హైదరాబాద్ తీసుకెళతారా?" హైదరాబాద్ అంటే పిల్లల దృష్టిలో చార్మినార్ కాదు, మక్కా మసీదూ కాదు. రామోజీ ఫిలింసిటీ, లేదంటే వండర్‌లా. తరగతిలో పక్క బెంచీ కుర్రవాడు పోయినేడాది వెళ్లి వచ్చి ఉంటాడు. అక్కడ తీసిన వీడియోలు బడంతా చూసి ఉంటుంది. ఆనందపురం కూడలిలో టైర్ల దుకాణం నడిపే తండ్రికైనా, పూల మార్కెట్టులో బుట్టలు మోయించే తండ్రికైనా, ఉక్కు కర్మాగారానికి షిఫ్టుకు వెళ్లివచ్చే తండ్రికైనా ఈ ప్రశ్న తప్పడం లేదు. 'చూద్దాంలే' అని తప్పించుకునే రోజులు పోయాయి. ఆ మాటకు అర్థం ఏమిటో పిల్లలు ఎప్పుడో పసిగట్టేశారు. అవునో కాదో చెప్పాలి, కారణమూ చెప్పాలి.

కొందరు పెద్దలు ఈ చర్చను మొదట్లోనే తుంచేస్తారు. "వినోదాలూ విలాసాలూ మనకెందుకు? అంతా దుబారా!" అంటారు. ఈ మాటతో ఏకీభవించలేము. ముఖం ముడుచుకుని బ్రతకమని ఇస్లాం ఎవరికీ చెప్పలేదు. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారని హదీసు గ్రంథాలలో ఉంది. భార్యాబిడ్డలతో నవ్వుతూ గడిపిన సమయం ఎన్నడూ వృథా కాదు. కాబట్టి వెళ్లవచ్చునా అన్న సందేహం అక్కర్లేదు. పెట్టిన డబ్బుకు, పడిన శ్రమకు ఆ నవ్వు నిజంగా దక్కుతుందా అన్నది మాత్రం నిదానంగా ఆలోచించాలి.

ముందు లెక్క చూద్దాం. ఆరుగురున్న ఇల్లు అనుకోండి: భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, దాదీ. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు రైలులో దాదాపు 700 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే రాత్రంతా ప్రయాణం. 2023 జనవరిలో వచ్చిన వందే భారత్ అయితే సుమారు ఎనిమిదిన్నర గంటలు, కానీ చార్జీ స్లీపరుకు ఎన్నో రెట్లు. స్లీపరులోనే వెళ్లినా మనిషికి నాలుగు వందల పైచిలుకు. రానుపోను ఆరుగురికి ఐదు వేలు. పార్కు టికెట్టు పెద్దవారికి వెయ్యి దాటుతుంది, సెలవు రోజుల్లో ఇంకా పెరుగుతుంది. పిల్లలకు కొంత తగ్గించినా ఆరుగురికీ కలిపి ఏడు వేలకు దిగదు. ఆపైన బస, స్టేషను నుంచి ఊరి చివర ఉన్న పార్కుకు కారు, మూడు రోజుల భోజనాలు. ఇంట్లో చేసుకున్న చపాతీలు, ఖీమా డబ్బా గేటు దగ్గరే ఆగిపోతాయి. బయటి తిండిని లోపలికి రానివ్వరు గనుక నీళ్ల సీసా మొదలు బిర్యానీ దాకా వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. నా అంచనాలో పాతిక వేలు చేతిలో లేకుండా బయలుదేరకూడదు. బంధువుల ఇంట్లో దిగితే తగ్గుతుందంటారా? బంధువుల ఇంటికి వట్టి చేతులతో వెళ్లలేం కదా!

ఇక్కడ ఒక సంగతి. 2024లో భువనేశ్వర్ దగ్గర కూడా వండర్‌లా పార్కు తెరిచారు. విశాఖ నుంచి భువనేశ్వర్ రైలులో 440 కిలోమీటర్లే. మన చుట్టాలంతా హైదరాబాద్ వైపు ఉండడం వల్లనేమో, ఇది చాలామందికి తట్టదు.

సరే, ఈ పాతిక వేలు ఏ నెలలో తీయాలి? అసలు చిక్కు అక్కడే ఉంది. బక్రీద్ 2025లో జూన్ 7న వచ్చింది. మన హిజ్రీ సంవత్సరం పదకొండు రోజులు పొట్టిది గనుక పండుగ ఏటేటా వెనక్కి జరుగుతూ ఇంకొన్నేళ్లపాటు వేసవి సెలవుల్లోనే పడుతుంది. ఖుర్బానీకి పొట్టేలు కొనాలి, లేదా పెద్ద జంతువులో భాగం పంచుకోవాలి. ఆ వెంటనే జూన్ నెలలో బడులు తెరుస్తారు. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు. వీటి మధ్యలో పార్కు. అన్నింటికీ జేబు ఒక్కటే. పోనీ రంజాన్ పండుగ సెలవుల్లో వెళదామంటే అది 2025లో మార్చి 31న వచ్చింది, నిండా పరీక్షల కాలం. సంక్రాంతి సెలవులతో అది కలవాలంటే 2032 ప్రాంతం దాకా ఆగాలి!

ఈ ఇరుకులోనే అప్పు ఇంట్లోకి అడుగు పెడుతుంది. ఇప్పుడు విహారయాత్రలకు కూడా నెలసరి వాయిదాలు ఇస్తున్నారు. ఫోనులో రెండుసార్లు నొక్కితే చాలు. ఇంట్లో బంగారం ఉంటే కుదువ పెట్టుకునే దుకాణం ప్రతి కూడలిలోనూ ఉంది. వైద్యానికో, కూతురి పెళ్లికో అప్పు చేసినవారి ఇబ్బంది అర్థం చేసుకోగలం. కానీ ఒక రోజు ఊయల ఊగడానికి వడ్డీ కట్టడమా? వడ్డీ గురించి మన ధర్మం ఏం చెప్పిందో ఈ పేజీ చదివేవారికి నేను చెప్పనక్కర్లేదు. ధర్మం మాట అటుంచి, మామూలు సంసారి లెక్కలోనైనా ఇది నిలవదు. పిల్లలు పార్కును మరిచిపోయాక కూడా వాయిదా తేదీ మరిచిపోదు. దాచిన డబ్బు లేకపోతే వెళ్లవద్దు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

దాచిన డబ్బు ఉన్నదనుకుందాం. అప్పుడైనా వెళ్లడం లాభమా? దీనికి జవాబు వెతకాలంటే ఈ పార్కులు ఎందుకు పుట్టాయో తెలుసుకోవాలి. అమెరికాలో వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవాడు. పిల్లలు గుర్రాల రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన బెంచీ మీద వేరుశెనగలు తింటూ కూర్చునేవాడు. తండ్రీ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండకూడదా అన్న ఆలోచన తనకు అక్కడే వచ్చిందని తర్వాత ఆయనే చెప్పాడు. ఆ ఆలోచనే 1955 జూలై 17న డిస్నీలాండ్‌గా తెరుచుకుంది. ఆరోజుల్లో ప్రవేశ రుసుము ఒక డాలరు, ఒక్కో ఆటకు వేరే టికెట్టు. నేడు ఒక్క రోజు ప్రవేశానికే వంద డాలర్లు దాటింది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్లిన మనవాళ్లు ఓర్లాండోలో దిగిన ఫోటోలు పంపిస్తుంటారు. ఎండలో మనవడి తోపుడుబండి పట్టుకుని నిలబడ్డ నానీ ముఖం ఆ ఫోటోల్లో చూడండి. డిస్నీ బెంచీ ఆమెకు మళ్లీ దొరికినట్టే ఉంటుంది!

మన పార్కుల్లో ఆ బెంచీ మీద ఎవరు కూర్చుంటారో బయలుదేరేముందే లెక్కవేయాలి. గేటు దగ్గర పిల్లల వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. పేరుమోసిన పెద్ద ఆటలలో చాలావాటికి ఆ 140 దగ్గరే గీత ఉంటుంది. పన్నెండేళ్ల పెద్దవాడు గీత దాటి లోపలికి పోతాడు. ఎనిమిదేళ్ల చెల్లెలు, ఐదేళ్ల తమ్ముడు దాటలేరు. తండ్రి పెద్దవాడితో వరుసలో, తల్లి చిన్నవాళ్లతో చిన్న ఆటల దగ్గర, దాదీ సామాన్లతో నీడలో. కలిసి గడపాలని వెళ్లిన కుటుంబం మూడు ముక్కలై సాయంత్రం గేటు దగ్గర కలుసుకుంటుంది. "మాకు ఎక్కనివ్వలేదు" అని చిన్నది తిరుగు రైల్లో ఏడుస్తుంది. వీడియోల్లో ఈ ఏడుపు కనిపించదు.

ఇంటి ఆడవారి సంగతి వేరే చెప్పాలి. నీటి ఆటల కొలనుల్లోకి నూలు బట్టలతో రానివ్వరు, నైలాను వంటి బట్టలే ఉండాలంటారు. వేగంగా తిరిగే ఆటల్లో చీర, దుపట్టా, బురఖా వంటి వదులు బట్టలు చిక్కుకుంటే ప్రాణాపాయం గనుక అభ్యంతరం చెబుతారు. ఆ నిబంధనలో దురుద్దేశమేమీ లేదు, భద్రత కోసమే. కానీ పెద్దవారి టికెట్టు పూర్తిగా చెల్లించిన మన అమ్మీ, మన ఆపా చివరకు ఎన్ని ఆటలు ఆడతారు? ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. అవి ఆ పార్కులో ఒప్పుకుంటారో లేదో ముందే ఫోను చేసి కనుక్కోవాలి. జొహర్, అసర్ నమాజులకు చోటు ఉందా అన్నది కూడా అదే ఫోనులో అడగవచ్చు. అడగడానికి మొహమాటం దేనికి? మనం డబ్బిచ్చి వెళుతున్నాం. చాలా ఇళ్లలో ప్రయాణం నిర్ణయించేది తండ్రి, పేచీ పెట్టేది పిల్లలు, రోజంతా కాళ్లు నొప్పులు పడేది తల్లి. ఆమెను అడిగిన తర్వాతే టికెట్లు కొనడం న్యాయం.

మే నెల సెలవుల్లో వెళ్లేవారు వరుసల గురించి కూడా తెలుసుకోవాలి. ముప్పావు గంట నిలబడితే రెండు నిమిషాల ఆట. అదనంగా డబ్బు కట్టినవారికి మాత్రం వేరే వరుస ఉంటుంది, వాళ్లు మన ముందు నుంచే నడిచి వెళతారు. వరుసను కూడా కొనుక్కోవచ్చునని పిల్లలకు అక్కడే తెలుస్తుంది. నాకది నచ్చదు. వ్యాపారం వారిది, ఇష్టం వారిది. సెలవు కాని రోజున, చలికాలంలో వెళితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. రెండు రోజులు బడి మానిపించడం అంత పాపమేమీ కాదని నా ఉద్దేశం.

దూరం పార్కు ఎందుకని సెలవుల్లో ఊళ్లలో వెలిసే ఎగ్జిబిషన్లకు తీసుకెళ్లేవారున్నారు. ఖర్చు తక్కువే. కానీ 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ఆటల కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి 27 మంది చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండానే దానిని నడిపారని తర్వాత బయటపడింది. రాత్రికి రాత్రి బిగించిన జెయింట్ వీలు ఎక్కించేముందు బోల్టులు ఎవరు చూశారో, మంటలొస్తే దారి ఎటో అడగడం చాదస్తం కాదు.

ఇంత చెప్పాక, వెళ్లి తీరవలసిన కుటుంబం ఒకటుంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద వస్తాడు. తాను వెళ్లేనాటికి మోకాలి ఎత్తున ఉన్న పిల్లవాడు ఇప్పుడు నడుము దాటాడు, కొత్తగా చూస్తున్నట్టు బెరుకుగా సలాం చెబుతాడు. ఆ తండ్రి దగ్గర కూడబెట్టిన డబ్బుంది, లేనిది రోజులు. అటువంటి ఇంటికి పాతిక వేలు ఎక్కువ కాదు. అయితే ఒక్క మాట: వచ్చిన మొదటి వారంలోనే పార్కుకు పరుగెత్తవద్దు. పిల్లవాడు ముందు ఒళ్లో కూర్చోవడం నేర్చుకోనివ్వండి. ఇలాంటి ఇళ్లవారు తిరిగి వచ్చాక ఎక్కువగా చెప్పుకునేది రైలు ప్రయాణం గురించే. పై బెర్తు మీద తండ్రి పక్కన ఇరుక్కుని పడుకున్న రాత్రి గురించి.

మిగిలినవారికి మన చుట్టుపక్కలే ఎంత ఉందో చూడండి. ఆనందపురం నుంచి విశాఖ వెళ్లే జాతీయ రహదారి మీదనే 1977 నుంచి ఉన్న ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల తగులుతుంది, 625 ఎకరాలు. బీచి రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి, 2002లో మ్యూజియం అయింది. దాని ఎదురుగానే 2017లో ప్రారంభమైన టీయూ-142 విమాన మ్యూజియం. జలాంతర్గామి ఇరుకు గుమ్మాల్లోంచి దూరడానికి ఎత్తు కొలబద్ద లేదు, చిన్నవాళ్లకే సులువు. సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు. ఇక కిరండూల్ ప్యాసింజరు. విశాఖ దాకా పోకుండా కొత్తవలసలోనే ఎక్కవచ్చు. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయి. సొరంగం రాగానే పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారిగా వేసే కేక ఏ పార్కులోనూ టికెట్టుకు దొరకదు. బొర్రా గుహలు, అరకు చూసుకుని రావచ్చు. దాదీకి కిటికీ పక్క సీటు. చపాతీల డబ్బాను ఎవరూ ఆపరు.

కనుక నా సలహా ఇది. ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఆ 140 గీత దాటేదాకా పార్కు వాయిదా వేయండి. దాటిన ఏడు దాచిన డబ్బుతో, చలికాలంలో, ఒక్కసారి వెళ్లి రండి. అప్పటికి పెద్దవాడు ఇంటర్మీడియట్‌లో ఉంటాడు, రాననవచ్చు. వాడిని బతిమాలే పని చిన్నవాళ్లకు అప్పగించండి.

మా వీధిలో ఒక టైలరు ఇంట్లో పిల్లలు తలుపు చట్రం మీద టేపుతో కొలిచి 140 దగ్గర సుద్దతో గీత గీసుకున్నారు. దాని కింద మేకుకు ఒక ఖాళీ హార్లిక్స్ డబ్బా వేలాడదీశారు. పండుగ ఈదీలు అందులో వేస్తున్నారు. చిన్నమ్మాయికి ఇంకా పదకొండు సెంటీమీటర్లు కావాలి.